బిడ్డ ఖర్చుకి నెలకి ఎంత? మెయింటెనెన్స్ అంకె ఎట్లా తేలుతుంది, మనం ఏం సిద్ధం చేసుకోవాలి

విడిపోయిన భార్యాభర్తల్లో ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే, జీతంలో ఎంత శాతం వస్తుంది, లేదంటే ఎంత శాతం పోతుంది అని. తిరుపతిలో ఒక లాయరుగారి ఆఫీసులో పిటిషన్లు టైపు చేసే పని నాది. లాయర్ని కాను, కానీ ఈ ప్రశ్న వినీ వినీ జవాబు నోటికొచ్చేసింది: బిడ్డకి ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా రాసి లేదు. జడ్జిగారు చూసేవి రెండు లెక్కలు. బిడ్డకి నెలకి నిజంగా ఎంత ఖర్చవుతోంది అనేది ఒకటి, అమ్మానాన్నలు ఇద్దరి సంపాదన ఎంత, అందులో ఎవరు ఎంత పెట్టుకోగలరు అనేది రెండోది. ఈ రెండిటికీ రుజువులు పెట్టినవాళ్లకి అడిగినదానికి దగ్గరగా వస్తుంది, పెట్టనివాళ్లకి జడ్జిగారు అంచనా వేసి ఎంతిస్తే అంత. ఎవరు ముందు ఇల్లు వదిలారు, ఆడపడుచు ఏమంది, పండక్కి ఎవరు ఎవర్ని పిలవలేదు, ఇవన్నీ పేజీలకి పేజీలు రాయించుకుని, ఖర్చు దగ్గరికొచ్చేసరికి "నెలకి 20,000 ఇప్పించగలరు" అని ఒక్క లైనుతో సరిపెట్టేవాళ్లే ఎక్కువమంది. ఆ తగాదా అంతా భార్య భరణం తేల్చేటప్పుడు పనికొస్తే రావచ్చు, బిడ్డ భాగానికి మాత్రం దాంతో సంబంధమే లేదు.

మరి 25 శాతం అంటారే, అది ఎక్కడిది? 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకి ఇవ్వడం సబబుగా ఉంటుందని అంది. అది భార్య భరణం గురించి, ఆ కేసు పరిస్థితుల్లో అన్న మాట. కోర్టు బయట టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి అదే చట్టం అయిపోయింది.

ఏ కేసు వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి

జనం నోట్లో ఇంకా 125 కేసు అనే ఉంది గానీ 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, మెయింటెనెన్స్ అడిగే పాత 125 సెక్షన్ అందులో 144 అయింది. అంతకుముందు వేసిన కేసులు పాత సెక్షన్ మీదే నడుస్తున్నాయి, కంగారు అక్కర్లేదు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అందులో, లేని చోట ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో వేస్తారు, ఎంసీ, అంటే మెయింటెనెన్స్ కేసు, అని నంబరు పడుతుంది. దీనికి మతంతో పనిలేదు. బిడ్డ విషయంలో పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా లేదా అన్నదానితో కూడా పనిలేదు, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకైనా తండ్రిని అడిగే హక్కు ఉంది.

మన వైపు అబ్బాయి బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేయడం మామూలే, గొడవయ్యాక అమ్మాయి బిడ్డతో పుట్టింటికి వచ్చేస్తుంది. కేసు కోసం బెంగళూరు తిరగాలేమోనని చాలామంది వెనక్కి తగ్గుతారు. అవసరం లేదు. అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉంటోందో అక్కడే ఎంసీ వెయ్యొచ్చు, తిరుపతిలో ఉంటే తిరుపతిలో, పలమనేరులో ఉంటే ఆ కోర్టులో. ఆధార్‌లో ఇంకా అత్తగారింటి అడ్రస్ ఉంటే పుట్టింట్లో ఉంటున్నట్టు ఏదో ఒక కాగితం దగ్గర పెట్టుకోండి, బిడ్డ ఇక్కడి స్కూల్లో చదువుతున్నట్టు స్టడీ సర్టిఫికెట్ ఉన్నా సరే.

ఇదొక్కటే దారి కాదు. విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల పోషణ, చదువు ఖర్చు అడగొచ్చు. 2005 గృహహింస చట్టం కేసులో 20వ సెక్షన్ కింద పిల్లలకి కూడా డబ్బు ఇప్పించే వీలుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఇంకొకటి ఉంది, అందులో 20వ సెక్షన్ బిడ్డ బాధ్యతని తండ్రి మీద ఎంతో తల్లి మీద కూడా అంతే పెట్టింది. బిడ్డ నాయన దగ్గర ఉండి, తల్లికి మంచి జీతం ఉంటే ఆయన ఈ చట్టం కింద అడగొచ్చు. ఇట్లాంటివి తక్కువే వస్తాయి గానీ అడిగే మగవాళ్లకి "మీకు కుదరదు" అని చెప్పి పంపేయడం తప్పు. ఇక, మూడు చోట్ల కేసులు వేస్తే మూడు రెట్లు డబ్బు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒక కోర్టు ఇచ్చిన ఆర్డర్‌ని ఇంకో కోర్టుకి చెప్పి తీరాలి, అక్కడ వచ్చేదాన్ని ఇక్కడ సర్దుతారు. దాచితే మన మాట మీద జడ్జిగారికి నమ్మకం పోతుంది.

బిడ్డ పేరు వేరుగా, బిడ్డ డబ్బు వేరుగా

నన్నడిగితే పిటిషన్ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. తల్లి ఒకటో పిటిషనర్, బిడ్డ రెండో పిటిషనర్, మైనర్ కాబట్టి తల్లి సంరక్షకురాలిగా. చివర్లో ప్రార్థనలో, అంటే కోర్టుని ఏం ఇప్పించమంటున్నామో రాసే చోట కూడా ఒకటో పిటిషనర్‌కి నెలకి ఇంత, రెండో పిటిషనర్‌కి నెలకి ఇంత అని విడివిడిగా రాయించండి. "పిటిషనర్లకి కలిపి 25,000" అని రాసేశారంటే తరవాత తంటా. తల్లికి ఉద్యోగం వచ్చిందనో, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుందనో, సరైన కారణం లేకుండా ఇల్లు వదిలిందనో భర్త వాదించి ఆమె భాగం ఆపించగలిగినా, బిడ్డ భాగం ఆగదు. కానీ అంకె కలిపి ఉంటే అందులో బిడ్డది ఎంత అని మళ్లీ మొదట్నుంచి కొట్లాడాలి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేర్వేరు అంకెలు పెట్టండి. ఇంటర్ చదివేవాడికీ యూకేజీ పాపకీ ఖర్చు ఒకటి కాదు కదా.

ఖర్చుల చార్టు రాయడం

తెల్లకాగితం తీసుకుని బిడ్డ ఒక్కరికే అయ్యే ఖర్చు రాయండి, ఇంటి మొత్తం ఖర్చు కాదు. ఏడాదికి ఒకసారి కట్టేవి పన్నెండుతో భాగించి నెలకి వెయ్యండి, ఇక్కడే చాలామంది మర్చిపోతారు: స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, పరీక్ష ఫీజులు. నెలనెలా అయ్యేవి: స్కూలు ఆటో లేదా బస్సు, ట్యూషన్, పాలు, తిండి, బట్టలు, మందులు, పాపకి డాన్స్ క్లాసు ఉంటే అది. ఇంటి అద్దెలోనూ కరెంటు బిల్లులోనూ బిడ్డ వంతు కొంత వేసుకోవచ్చు. బిడ్డ కోసం కూడా ఆ గది తీసుకున్నాం కాబట్టి అది న్యాయమైన ఖర్చే. పుట్టింట్లో ఊరికే ఉంటున్నప్పుడు అద్దె కాలమ్‌లో అంకె పెట్టొద్దు, క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, మొదటి ప్రశ్నే అది అవుతుంది.

కోచింగుల సంగతి ఒకటి చెప్పాలి, తిరుపతిలో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ, నీట్ పేరుతో ఫీజులు లక్షల్లో ఉంటున్నాయి కాబట్టి. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు మెయింటెనెన్స్ కేసులన్నిటికీ కలిపి పెద్ద మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డ ఖర్చంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం, చదువుతో పాటు కోచింగ్, వృత్తి శిక్షణ కూడా అని అందులో ఉంది, అయితే అది సబబైన ఖర్చుగా ఉండాలి, మరీ ఆడంబరంగా ఉండకూడదు. అదే తీర్పులో ఇంకో మాట: చదువు ఖర్చు మామూలుగా తండ్రి పెట్టుకోవాలి, తల్లి కూడా బాగా సంపాదిస్తుంటే ఇద్దరూ సంపాదన నిష్పత్తిలో పంచుకోవచ్చు. కలిసి ఉన్నప్పుడే బిడ్డని ఆ స్కూల్లో చేర్పించి ఉంటే, తండ్రి సంతకం ఉన్న అడ్మిషన్ ఫారం వెతికి పట్టుకోండి. "ఇంత ఖరీదైన స్కూలు ఎవరు పెట్టమన్నారు" అనే వాదనకి అదొక్కటి చాలు.

రశీదు లేని ఖర్చులు ఉంటాయి, ఆటో అన్న చీటీ ఇవ్వడు, ట్యూషన్ మేడమ్ అంతకన్నా ఇవ్వదు. ఈ రోజు నుంచి వాళ్లకి ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టండి, మూడు నాలుగు నెలలకే బ్యాంకు స్టేట్‌మెంట్లో వరసగా కనిపిస్తుంది. మెడికల్ షాపు బిల్లు అడిగి తీసుకోండి. రుయా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చూపించుకుంటే ఉచితమనే రాయండి. యూకేజీ బిడ్డకి నెలకి 40,000 అని రాసి 9,000కి రశీదులు పెడితే మిగతా 31,000 మాత్రమే కాదు, ఆ 9,000 మీద కూడా అనుమానం వస్తుంది. పిల్లల చదువుకి ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులు మీ ఖాతాలో పడుతుంటే అది కూడా దాచొద్దు, అవతలి లాయరు స్టేట్‌మెంట్ చూసి ఎట్లాగూ పట్టుకుంటాడు. ఏడాదికి ఒకసారి వచ్చే సాయం అని మనమే చెప్పేస్తే దాంతో పెద్దగా తగ్గేది ఏమీ ఉండదు.

ఆదాయం అఫిడవిట్

ఇద్దరూ వెయ్యాలి. ఆస్తులు, అప్పులు, జీతం, వేరే రాబడి, బ్యాంకు ఖాతాలు, బీమా, బండి, ఇల్లు, పొలం, తన మీద ఆధారపడ్డవాళ్లు, అన్నీ ప్రమాణం చేసి రాసే కాగితం ఇది. రజనీష్ తీర్పు నుంచి ఇది తప్పనిసరి. కింది కోర్టుల్లో సరిగ్గా పాటించడం లేదని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తు చేసింది, అది కూడా ఒక పాప మెయింటెనెన్స్ కేసులోనే. అవతలివాళ్లు నాలుగు వారాల్లో జవాబుతో పాటు అఫిడవిట్ వెయ్యాలి, అందుకు రెండు అవకాశాలకి మించి ఇవ్వకూడదు, సాగదీస్తుంటే వాళ్ల డిఫెన్స్ (వాళ్ల తరఫు జవాబు) కొట్టేయమని కోర్టుని అడగొచ్చు. వాయిదా మీద వాయిదా పడుతుంటే మీ లాయర్ని ఈ మాట అడగండి. అడగనిదే ఎవరూ లేవనెత్తరు.

జీతంలో ఏం తీసేసి చూస్తారు అంటే, ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేస్తారు. తనంతట తను పెట్టుకున్న ఎల్‌ఐసీ, చీటీ, సొసైటీ లోను, కేసు నోటీసు వచ్చాక తీసుకున్న కారు ఈఎంఐ, ఇవి తీసేసి "చేతికొచ్చేది 11,000 సార్" అంటే సాధారణంగా కోర్టులు ఒప్పుకోవు. ముసలి అమ్మానాన్నల మందుల ఖర్చు మాత్రం లెక్కలోకి తీసుకుంటారు, అది న్యాయమే. పే స్లిప్పు దొరకదని బాధపడొద్దు, జీతం వివరాలు తెప్పించమని కోర్టులోనే పిటిషన్ వేస్తే ఆయన పనిచేసే చోటికి సమన్లు వెళ్తాయి. ప్రభుత్వ ఉద్యోగి అయినా, ప్రైవేటు కంపెనీ అయినా ఇదే దారి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహాలెక్క, ఎవరిదీ కాదు. నాయన శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగి, చేతికి 42,000. అమ్మ తిరుపతిలో ప్రైవేటు స్కూలు టీచరు, 14,000. ఎనిమిదేళ్ల పాప. పాప ఖర్చు: ఫీజు నెలకి 4,000 పడుతుంది, ఆటో 1,200, ట్యూషన్ 1,000, పుస్తకాలు యూనిఫాం కలిపి 750, తిండి పాలు 4,500, బట్టలు 700, మందులు 600, అద్దెలో పాప వంతు 3,000. మొత్తం 15,750. ఇద్దరి సంపాదన 42కి 14, అంటే మూడింతలకి ఒకటి. ఆ నిష్పత్తిలో పంచితే నాయన వంతు సుమారు 11,800, అమ్మ వంతు 3,900 చిల్లర.

ఇంకో పద్ధతి ఉంది, 2004లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో వాడింది. కుటుంబం మొత్తం ఆదాయాన్ని వాటాలు చేస్తారు, సంపాదించే భర్తకి బయట తిరిగే ఖర్చు ఎక్కువ కాబట్టి రెండు వాటాలు, మిగతావాళ్లకి తలా ఒకటి. మన లెక్కలో 56,000ని నాలుగు వాటాలు చేస్తే ఒక్కోటి 14,000. అమ్మకి తన వాటా తన జీతంలోనే వచ్చేసింది, పాప 14,000 నాయన వైపు నుంచి రావాలి. మన కోర్టు ఈ రెండిట్లో ఏదో ఒకటి పాటించి తీరాలని ఏమీ లేదు. కానీ మీరు రెండు రకాలుగా లెక్కవేసి తీసుకెళ్తే, కౌన్సెలింగ్‌లో "ఎంత కావాలమ్మా" అని అడిగినప్పుడు గాల్లోంచి అంకె చెప్పకుండా 12,000 అని ధైర్యంగా అనొచ్చు. అవతలాయన "5,000 ఇస్తా" అంటే ఏ ఖర్చు తీసేయాలో ఆయన్నే చెప్పమనొచ్చు.

జీతం చీటీ లేని సంపాదన

ఇక్కడే అసలు చిక్కు. కొండకి ట్యాక్సీ నడిపేవాళ్లు, లాడ్జీల దగ్గర కమీషన్ మీద పనిచేసేవాళ్లు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల బొమ్మల షాపు పెట్టుకున్నవాళ్లు, మేస్త్రీలు, పాడిరైతులు. కోర్టుకొచ్చాక అందరూ "ఏం సంపాదన లేదు సార్, మా నాయన పెడితే తింటున్నా" అనేవాళ్లే. ఒళ్లు బాగుండి పనిచేయగలిగిన మనిషి సంపాదన లేదని తప్పించుకోలేడు, కూలి చేసైనా భార్యాబిడ్డల్ని చూసుకోవాలి అని సుప్రీంకోర్టు 2022లో అంజు గార్గ్ కేసులో గట్టిగా చెప్పింది. అందుకే ఏ రుజువూ లేకపోయినా కోర్టు కూలి లెక్కలోనైనా ఏదో ఒక అంకె వేస్తుంది. అది చిన్న అంకె. పెద్దది కావాలంటే మనమే ఆధారాలు తవ్వాలి.

ట్యాక్సీ అయితే బండి ఎవరి పేరున ఉంది, నెలకి ఎంత ఈఎంఐ కడుతున్నాడు. నెలకి 18,000 బండి కిస్తీ తప్పకుండా కడుతున్నవాడి సంపాదన 10,000 ఎట్లా అవుతుంది? షాపు అయితే అద్దె ఎంత, జీఎస్టీ నంబరు ఉందా, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాది. తిరుపతి వ్యాపారం సీజన్‌ని బట్టి ఉంటుంది, ఎండాకాలం సెలవులూ బ్రహ్మోత్సవాలూ ఉన్నట్టు మిగతా నెలలు ఉండవు, కాబట్టి అవతలివాళ్లు ఖాళీ నెల స్టేట్‌మెంట్ ఒక్కటి తెచ్చి పెడితే ఏడాది మొత్తం తెమ్మని అడగండి. ఇవతలివాళ్లు కూడా రద్దీ నెల ఒక్కటే చూపించి పన్నెండుతో గుణిస్తే నిలబడదు.

రైతు అయితే పొలం మీద జీవించేవాళ్ల కోసం వేరే అఫిడవిట్ నమూనా ఉంది, అదే వేయించండి. పొలం ఎవరి పేరున ఉంది, ఏం సాగవుతోంది అని చూపే 1బీ, అడంగల్ రికార్డులు మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పాలు పోసేవాళ్లయితే డెయిరీ వాళ్లు వేసే పాల బిల్లులు ఖాతాలో ఉంటాయి, నెలనెలా సంపాదనకి ఇంతకన్నా మంచి రుజువు లేదు. మామిడి కష్టం. తోతాపురి ఏడాదికొక్క పంట, ధర ఏ ఏడు ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలీదు, 2025లో రేటు పడిపోయి కిలోకి 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాల్సి వచ్చింది చూశాం కదా. అట్లాంటి ఒక్క ఏడాది చూసి బిడ్డకి 2,000 చాలనడం, బాగా పండిన ఏడాది చూసి 15,000 అడగడం, రెండూ అన్యాయమే. రెండు మూడు సీజన్ల ఫ్యాక్టరీ తూకం చీటీలు, మండీ పట్టీలు పెట్టి సగటు చూపించడం మేలు. పొలం ఇంకా తాత పేరుమీదే ఉందని, నాకేమీ లేదని అంటారు. ఉమ్మడి ఆస్తిలో ఆయనకి వచ్చే వాటా ఎంతో, సాగు ఎవరు చేస్తున్నారో పిటిషన్లో స్పష్టంగా రాయండి.

మధ్యంతర ఆర్డర్

అసలు కేసు తేలడానికి ఏళ్లు పట్టొచ్చు, బిడ్డ ఫీజు జూన్‌లో కట్టాలి. కాబట్టి ఎంసీతో పాటే మధ్యంతర మెయింటెనెన్స్ పిటిషన్ కూడా అదే రోజు వెయ్యాలి. అవతలివాళ్లకి నోటీసు అందిన రోజు నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. నిజంగా 60 రోజుల్లో తేలడం అరుదు, రజనీష్ తీర్పు కూడా నాలుగు నుంచి ఆరు నెలలు అంది. నోటీసు అందకపోవడమే సగం ఆలస్యానికి కారణం, అందుకని అవతలాయన ఇంటి అడ్రస్, ఆఫీసు అడ్రస్, ఫోన్ నంబరు అన్నీ సరిగ్గా ఇవ్వండి. ఎప్పుడు తేలినా డబ్బు పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టి ఇప్పించాలని అదే తీర్పు చెప్తోంది. అందుకే "ఇంకొన్నాళ్లు చూద్దాంలే" అని పిటిషన్ వాయిదా వేసుకున్న ప్రతి నెలా పోయినట్టే, వెనక్కి రాదు.

లాయరు ఫీజు భయం ఉంటే, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 చట్టం కింద. చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ, తిరుపతిలో మండల న్యాయసేవా కమిటీ ఉన్నాయి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. లాయరుగారి ఆఫీసులో పనిచేస్తూ ఇది రాయడం మా సారుకి నచ్చకపోవచ్చు, ఏం చేస్తాం.

పెద్దమనుషుల పంచాయితీ కాగితం

ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువ జరిగేది ఇదే. రచ్చబండ దగ్గరో ఎవరింట్లోనో కూర్చుని, బాండు పేపరు మీద "మూడు లక్షలు ముట్టినవి, ఇకమీదట నాకు గానీ నా బిడ్డకి గానీ ఎట్టి హక్కూ లేదు" అని రాయించి, వేలిముద్రలు వేయించేస్తారు. తల్లి తన హక్కు వదులుకుంటానని రాయొచ్చు, అది కూడా కోర్టులో ఎంతవరకు నిలబడుతుందో వేరే సంగతి. బిడ్డ హక్కు బిడ్డది, అమ్మ సంతకంతో అది పోదు. ఇట్లాంటి కాగితం రాసిచ్చేశాం కాబట్టి ఇక దారి లేదనుకునే అక్కలు చాలామంది ఉన్నారు. దారి ఉంది, బిడ్డ పేరున ఎంసీ వేసుకోవచ్చు. ముట్టిన డబ్బు మాత్రం దాచకుండా చెప్పండి, అందులో బిడ్డ కోసమని డిపాజిట్ చేసింది ఉంటే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

రాజీ చెడ్డదని కాదు, మంచిదే. కానీ దాన్ని కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రికార్డు చేయించుకోండి. లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది, కట్టకపోతే అమలుకి వెళ్లొచ్చు. రాజీలో నెలకి ఎంత అనే కాకుండా ఏ తేదీలోపు, ఏ ఖాతాకి, స్కూలు ఫీజు అందులో కలిసిందా విడిగానా, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎవరెంత, ఏటా ఎంత పెరగాలి, ఇవన్నీ రాయించండి. పెంపు రాయించకపోతే అది తనంతట తాను పెరగదు. ఎల్‌కేజీలో ఖరారు చేసిన 4,000 ఏడో తరగతిలో కూడా 4,000గానే ఉంటుంది, పెంచమని నాగరిక సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద మళ్లీ పిటిషన్ వేసుకోవాలి.

ఆర్డర్ వచ్చాక కట్టకపోతే

బకాయికి పిటిషన్ వేస్తే కోర్టు వారంటు ఇచ్చి వసూలు చేయిస్తుంది, అయినా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి ఒక నెల వరకు జైలు. జైల్లో కూర్చుంటే బాకీ తీరిపోయినట్టు కాదు, డబ్బు కట్టాల్సిందే, 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఒక గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి: ఈ వారంటు కోసం, డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. "పోనీలే, ఇస్తాడులే" అని రెండేళ్లు ఊరుకుని వస్తే మొదటి ఏడాది బకాయి ఈ దారిలో రాబట్టడం కష్టమవుతుంది. నేనైతే మూడు నెలలు దాటనివ్వొద్దనే చెప్తా. ఉద్యోగి అయితే జీతం అటాచ్‌మెంట్ ఇంకా మేలైన దారి. మామూలు అప్పుల డిక్రీకి జీతంలో ఎక్కువ భాగం ముట్టుకోనివ్వరు, మెయింటెనెన్స్ డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మూడో వంతుకే రక్షణ ఇస్తుంది, మిగతా రెండు వంతుల దాకా అటాచ్ చేయించొచ్చు.

బిడ్డని చూపించడం లేదని డబ్బు ఆపే నాయనలు, డబ్బు ఇవ్వడం లేదని బిడ్డని చూపించని అమ్మలు, ఇద్దరికీ చెప్పేది ఒకటే: అవి రెండు వేర్వేరు కేసులు. చూడనివ్వకపోతే విజిటేషన్‌కి పిటిషన్ వేయండి, ఇవ్వకపోతే బకాయికి వేయండి. ఒకదానికి ఇంకొకటి ఆపితే కోర్టులో మీ మీదికే వస్తుంది.

కట్టే అన్నలకి కూడా రెండు మాటలు. చేతికి నగదు ఇవ్వొద్దు, ఎంత నమ్మకం ఉన్నా సరే. ఖాతాకే వేసి "ఫలానా నెల మెయింటెనెన్స్" అని రాయండి. స్కూలుకి నేరుగా ఫీజు కట్టేసి, నెల డబ్బుల్లో దాన్ని మీరే తగ్గించుకోవద్దు, ఆర్డర్‌లో అట్లా ఉంటే తప్ప. ఉద్యోగం పోయిందా, యాక్సిడెంట్ అయిందా, ఆ నెలలోనే తగ్గించమని 146 కింద పిటిషన్ వేయండి. ఊరికే ఆపేసి ఏడాది తరవాత కారణం చెప్తే అప్పటికే బకాయి కొండంత అయి ఉంటుంది.

పద్దెనిమిది నిండాక

144వ సెక్షన్ కింద కొడుక్కైనా కూతురికైనా మామూలుగా 18 నిండేవరకే, శారీరకంగానో మానసికంగానో వైకల్యం ఉండి తమని తాము పోషించుకోలేకపోతే ఆ తరవాత కూడా. హిందూ అమ్మాయికి పెళ్లి అయ్యేవరకు, తనకి వేరే ఆదాయం లేకపోతే, 1956 చట్టం 20వ సెక్షన్ కింద హక్కు ఉందని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దానికి వేరే పిటిషన్ కావాలి, పాత ఎంసీ ఆర్డర్ దానంతట అది కొనసాగదు. ముస్లిం అమ్మాయిల విషయంలో పెళ్లయ్యేవరకు అని 1997లోనే తీర్పు ఉంది. కొడుకు చదువు మధ్యలో ఉంటే, 2021లో ఒక కేసులో సుప్రీంకోర్టు మొదటి డిగ్రీ అయ్యేవరకు ఇమ్మంది, అది అన్ని కేసులకీ ఆటోమేటిగ్గా వర్తించదు గానీ లాయరు చేతిలో పెట్టదగ్గ తీర్పు. 18 నిండిన పిల్లలు తమ పేరున తామే సంతకం చేయాలి, అమ్మ సంరక్షకురాలిగా చేయడం కుదరదు. కాబట్టి పాప ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే లాయర్ని కలిసి, డిగ్రీ ఫీజు అంచనా, టెన్త్ మెమో, పాత ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసి పెట్టుకోండి. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టాక రావడానికే టైము పడుతుంది.